రాళ్ల మీద అబద్ధ సాక్ష్యం



ఈ వారం ఆదరణ మాటలు రాద్దామని కూర్చోలేదు. వాదించడానికి కూర్చున్నాను. కొందరికి కోపం రావచ్చు. చివరిదాకా చదివాక కోపపడండి, తలవంచి వింటాను.

పోయిన ఆదివారం ఆరాధన ముగించి ఇంటికి వచ్చేసరికి మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం ఉంది. మీలో చాలామంది చూశారు. చూసినవాళ్లలో ఎక్కువమంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. సైబీరియాలో రష్యా భూగర్భ శాస్త్రవేత్తలు పద్నాలుగు కిలోమీటర్ల లోతు బావి తవ్వారట. అడుగున వెయ్యి డిగ్రీలు దాటిన వేడి తగిలిందట. మైకు దింపితే లక్షలమంది కేకలు వినబడ్డాయట. శాస్త్రవేత్తలు భయపడి పారిపోయారట. కింద ఒక మాట: నరకం ఉందని సైన్సే ఒప్పుకుంది, ఆమెన్ చెప్పి పదిమందికి పంపండి.

నేను ఆమెన్ చెప్పలేదు. ఆ కథ నాకు కొత్త కాదు. సుమారు పదేళ్ల క్రితం యవనస్థుల కూటంలో అదే కథ నేనే చెప్పాను. గొంతు పెంచి, లైట్లు తగ్గించి మరీ చెప్పాను.

ఆ రోజు ఒక అమ్మాయి లేచింది. మన సంఘపు బిడ్డే. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రులు అప్పుచేసి డిగ్రీలో చేర్పించారు. భూగర్భ శాస్త్రం తీసుకుంది. "అయ్యగారూ, రష్యావాళ్ల బావి గురించి మా సారు చెప్పారండి. అది సైబీరియాలో లేదండి. పన్నెండు కిలోమీటర్లే వెళ్లిందట. వెయ్యి డిగ్రీల వేడిలో మైకు కరిగిపోదా అండి?" అని అడిగింది. ఎగతాళిగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "ఎక్కువ చదివితే విశ్వాసం చల్లారిపోతుందమ్మా, కూర్చో" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది. ఆ తరువాత మన యవనస్థుల కూటంలో ఆమె మళ్లీ కూర్చోలేదు.

ఆమె చెప్పిందే నిజం. ఆ బావి రష్యా వాయవ్య మూలన, నార్వే సరిహద్దుకు దగ్గరలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. 1970లో తవ్వడం మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. మనిషి తవ్విన రంధ్రాలలో అంత లోతు దిగింది అప్పటికి మరొకటి లేదు. అడుగున వేడి సుమారు 180 డిగ్రీలు. వాళ్లు అనుకున్నదానికంటే అది చాలా ఎక్కువ. డ్రిల్లు ముందుకు సాగకపోవడానికి అదొక కారణం. పైకి వచ్చినవి కేకలు కావు, రాళ్లు. అడుగు భాగంలో దొరికింది నైస్ అనే చారల రాయి, వయసు 270 కోట్ల సంవత్సరాలకు పైమాటే.

మరి కేకల కథ ఎక్కడిది? 1989, 1990 ప్రాంతంలో ఫిన్లండులో క్రైస్తవ పత్రికలలో కనబడి, అమెరికాలో ఒక క్రైస్తవ టీవీకి ఎక్కింది. అది విన్న నార్వే ఉపాధ్యాయుడు ఒకాయన, వీళ్లు ఎంతవరకు విచారిస్తారో చూద్దామని, ఆ బావిలోంచి రెక్కల జీవి ఎగిరిందని తాను కల్పించిన ముక్క కూడా కలిపి పంపాడు. తన ఫోను నంబరూ ఇచ్చాడు. ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. చేయకుండానే దాన్నీ ప్రచారం చేశారు. చివరికి కథ వెంటపడి అబద్ధమని తేల్చినవాడు నాస్తికుడు కాదు, ఒక క్రైస్తవ రేడియో వ్యాఖ్యాత. ముప్పై ఏళ్లు దాటినా ఆ అబద్ధం మన గ్రూపులో ఆమెన్‌లు పుచ్చుకుంటూనే ఉంది.

పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది పది ఆజ్ఞలలో ఒకటి. భూగర్భ శాస్త్రవేత్త మన పొరుగువాడు కాడా? అతని నోట అనని మాట పెట్టడం, చేయని పని చేశాడనడం, చూడనిది చూసి పారిపోయాడనడం అబద్ధ సాక్ష్యం కాక ఏమిటి? దేవుని కోసం చెప్పాం కాబట్టి అది సువార్త అయిపోతుందా?

మన కొండరాయి

మనం ఎవరి మీద అబద్ధమాడుతున్నామో ముందు తెలుసుకుందాం. రాయిని చదివేవాడు చేసే పనేమిటి? మన ఊరి వెనక కొండ దగ్గరే మొదలుపెడతాను.

ఆ కొండ మీద తుప్పురంగు రాయిని పగలగొడితే లోపల ఎర్రటి గింజలు మెరుస్తాయి. చిన్నప్పుడు కెంపులనుకొని జేబులో వేసుకున్నవాళ్లు మనలో ఉన్నారు. అవి గార్నెట్లు. ఆ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమలలో తరతరాలుగా ఉంటున్న ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. కోణార్క దేవాలయం కట్టింది ఈ జాతి రాయితోనే.

ఒకప్పుడు అది రాయి కాదు, నీళ్ల అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక. భూమి కదలికల్లో ఆ మట్టి ఇరవై ముప్పై కిలోమీటర్ల లోతుకు నొక్కుకుపోయింది. అక్కడి వేడి 800, 900 డిగ్రీలు. ఇటుక బట్టీ గుర్తు తెచ్చుకోండి. లోపలికి వెళ్లింది మట్టి, బయటికి వచ్చింది ఇటుక. కరిగి కారిపోలేదు, కానీ మళ్లీ మట్టి కాలేదు. అలాగే మట్టిలో ఉన్న పదార్థమే గార్నెట్‌గా మారింది. మట్టిలో కలిసిన నల్లటి కర్బనం గ్రాఫైట్ అయింది. పెన్సిలు ముల్లులో ఉండేది అదే. మన కొండలు అలా కాలిన కాలం సుమారు వంద కోట్ల సంవత్సరాల క్రితం.

ఇలాంటి వాటిని రూపాంతర శిలలు అంటారు. ఆ మాట మనకు తెలిసిన మాటే. రోమా 12వ అధ్యాయంలో మనస్సు మారి పొందమని పౌలు చెప్పిన రూపాంతరం అదే. అన్నం అడుగంటిన తీరు చూసి పొయ్యిలో మంట ఎంత పెట్టారో మన అమ్మలు చెప్పేస్తారు. రాతిలో ఏ ఖనిజం పక్కన ఏ ఖనిజం ఉందో చూసి, అది ఎంత వేడికి కాలిందో, ఎంత లోతుకు దిగిందో శాస్త్రవేత్త అలాగే లెక్కకడతాడు. దీన్ని మంత్రం అనుకోవద్దు. ఓపిక కావాలి, అంతే.

మన కొండల్లో ఖోండలైట్ పక్కనే ముదురు రంగు రాయి ఒకటి ఉంటుంది. దాని పేరు చార్నకైట్. ఆ పేరు ఒక సమాధి మీద నుంచి వచ్చింది. కలకత్తా నగరానికి ఆద్యుడని చెప్పుకునే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నక్ 1690లలో చనిపోయాడు. జాబ్ అంటే మన యోబే. ఆయన సమాధి సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉంది. రెండు వందల ఏళ్లపాటు వచ్చినవాళ్లంతా రాతి మీద చెక్కిన అక్షరాలు చదివి వెళ్లారు. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయినే చదివాడు. అది మద్రాసు పక్కన పల్లావరం వైపు కొండల్లో దొరికే రాయి జాతి అని గుర్తించి, ఆ జాతికి చార్నక్ పేరు పెట్టాడు.

ఒకే రాయి మీద రెండు సాక్ష్యాలు ఉన్నాయి. మనిషి చెక్కిన సాక్ష్యం ఒకటి. దేవుడు రాతిలోనే పెట్టిన సాక్ష్యం ఇంకొకటి. మొదటిదాన్ని అబద్ధంగా చదివితే తప్పు అంటాం. రెండోదాన్ని అబద్ధంగా చదివి హల్లెలూయ అంటున్నాం.

దాదాపు నాలుగింతలు ముసలి రాయి

మన కొండరాయికంటే దాదాపు నాలుగింతలు ముసలి రాళ్లు గ్రీన్లాండులో ఉన్నాయి. వాటిని చదివిన ఒక మనిషిని మీకు పరిచయం చేస్తాను. పేరు స్టీఫెన్ మూర్బాత్. 1929లో జర్మనీలో పుట్టాడు. బాల్యంలోనే హిట్లర్ జర్మనీని విడిచి ఇంగ్లండు చేరాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 2016లో చనిపోయాడు. ఆయన మన సంఘస్థుడని చెప్పడానికి ఈ పేరు ఎత్తలేదు. ఆయన పని చేసిన తీరు చెప్పడానికే ఎత్తాను.

1960లలో గ్రీన్లాండు పశ్చిమ తీరంలో, ఇప్పుడు నూక్ అని పిలిచే పట్టణం చుట్టూ, విక్ మెక్‌గ్రెగర్ అనే న్యూజిలాండు దేశస్థుడు రాళ్ల పటం గీస్తున్నాడు. అక్కడ చారల నైస్ రాయి అంతా చూడడానికి ఒకేలా ఉంటుంది. ఆయన ఒక సంగతి పట్టాడు. కొన్ని నైస్‌లను నల్లరాతి గోడలు అడ్డంగా కోసుకుంటూ పోతున్నాయి. అవి పగుళ్లలోకి ఎగదన్ని గడ్డకట్టిన రాళ్లు. మరికొన్ని నైస్‌లలో ఆ నల్ల గోడలు లేనే లేవు. గోడ బీటవారాక పూసిన సిమెంటు ఆ గోడకంటే ముందుది కాదుగదా. కాబట్టి నల్ల గోడలు కోసిన నైస్ పాతది, కోయనిది తరువాత వచ్చింది. ఈ వరుస కట్టి, ఇవి చాలా పాత రాళ్లని ఆయన అన్నాడు. నమ్మినవాళ్లు తక్కువ. ఆయన కేకలు వేయలేదు, శపించలేదు. రాతి ముక్కలు ఆక్స్‌ఫర్డుకు పంపాడు, కొలవమన్నాడు.

మూర్బాత్, ఆయన సహచరులు కొలిచారు. 1971, 1972లో ఫలితాలు ప్రచురించారు. ఆ నైస్‌ల వయసు దాదాపు 370 కోట్ల సంవత్సరాలు. అంతవరకు భూమి మీద అంత పాత రాయి ఎవరికీ తెలియదు. తరువాత అక్కడికి ఈశాన్యంగా, మంచుపొర అంచున ఇసువా అనే చోట ఇనుపరాతి పొరల వయసూ అంతేనని 1973లో చెప్పారు. అక్కడి రాళ్లలో దిండ్లు పేర్చినట్లు గుండ్రంగా గడ్డకట్టిన లావా ఉంది. లావా నీళ్లలో పడితేనే ఆ ఆకారం వస్తుంది. అంటే 370 కోట్ల ఏళ్ల క్రితమే భూమి మీద జలములు ఉన్నాయి. ఆదికాండం మొదటి అధ్యాయం ప్రేమించేవాళ్లం ఈ మాట విని సంతోషించాలా, రాయి విసరాలా?

ఎలా కొలిచారని అడుగుతారు. అడగాలి. రూబీడియం అనే పదార్థంలో ఒక రకం చాలా నెమ్మదిగా స్ట్రాన్షియంగా మారుతుంది. సగం మారడానికి సుమారు 4,900 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మన కూలి లెక్కతో చెబుతాను. ఒకే రోజు పనిలో చేరిన ముగ్గురున్నారు. రోజు కూలి ఒకరికి మూడు వందలు, ఒకరికి నాలుగు వందలు, ఒకరికి ఐదు వందలు. చేరేనాటికి ముగ్గురి జేబులో సమానంగా కొంత డబ్బుంది. ఎంతో మనకు తెలియదు. ఇవాళ ఎవరి దగ్గర ఎంత ఉందో లెక్కబెడితే, ఎన్ని రోజులు పని చేశారో, మొదట జేబులో ఎంత ఉందో రెండూ తేలతాయి. ముగ్గురి లెక్కా ఒకే రోజుల సంఖ్య చెబితే నమ్ముతాం. మధ్యలో ఎవరైనా దొంగిలిస్తే లెక్క కలవదు, వెంటనే పట్టుబడుతుంది. ఒకే రాతి నుంచి రూబీడియం తక్కువున్న ముక్క, ఎక్కువున్న ముక్క తీసి చేసే లెక్క ఇదే.

అది చాలక ఇంకో తరాజు పెట్టారు. యురేనియం సీసంగా మారే లెక్క అది. అందులోనూ రెండు రకాలు. ఒకటి 447 కోట్ల ఏళ్లకు సగమవుతుంది, ఇంకొకటి 70 కోట్ల ఏళ్లకు. వేర్వేరు వేగాలతో నడిచే గడియారాలు ఒకే సమయం చూపిస్తే, అన్నీ కలిసి కుట్ర పన్నాయంటారా? దొంగత్రాసు యెహోవాకు అసహ్యమని సామెతలు 11లో చదువుతాం. ఈ మనిషి ఒకే రాతిని ఒకటికి నాలుగు తరాజుల్లో తూచాడు. మనం వాట్సాప్ కథను ఒక్క తరాజులోనైనా పెట్టామా?

పేరు వచ్చే చోట కాదన్నవాడు

నన్ను సిగ్గుపరచిన భాగం ఇప్పుడు చెబుతాను.

1996లో ఒక శాస్త్రవేత్తల బృందం నేచర్ పత్రికలో పెద్ద వార్త చెప్పింది. గ్రీన్లాండు తీరంలో అకిలియా అనే చిన్న ద్వీపం మీద 385 కోట్ల ఏళ్ల రాతిలో జీవం తాకిన కర్బనం దొరికిందన్నారు. భూమి మీద తొలి జీవపు గుర్తు! లోకమంతా పాకింది. మూర్బాత్ ఎన్నో ఏళ్లు కాళ్లరిగేలా తిరిగిన ప్రాంతమది. అవునని తల ఊపితే ఆ కీర్తిలో ఆయనకూ వాటా వచ్చేది.

ఆయన తల ఊపలేదు. ఆ వయసు జిర్కాన్ అనే చిన్న గింజల నుంచి తీసినది. తాతగారి పాత ఇంటి దూలం తెచ్చి కొత్త ఇంటికి వేస్తే, దూలం వయసు ఇంటి వయసు అవుతుందా? ఆ గింజలు అంతకుముందరి రాతి నుంచి వచ్చి కలిసి ఉండవచ్చు, రాయి మొత్తాన్ని కొలిస్తే అంత వయసు రావడం లేదు అని ఆయన, సహచరులు వాదించారు. 2002లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలు, అది అసలు సముద్రం అడుగున పేరుకున్న రాయి కాదు, అగ్నిశిల మారితే వచ్చిన రాయి అన్నారు. 2005లో ఇంకొందరు ఆ రాతిని మళ్లీ వెదికితే ముందువాళ్లు చెప్పిన గ్రాఫైట్ కనబడలేదు. ఆ ఏడే మూర్బాత్ నేచర్ పత్రికలోనే, ఆ సాక్ష్యం నిలవదని పేరు పెట్టి రాశాడు. మొదటివాళ్లూ ఊరుకోలేదు, వాదన సాగింది. 2016లో ఇసువాలో 370 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల పొరలు దొరికాయని ఇంకో బృందం అంది. 2018లో వేరే బృందం అదే చోటికి వెళ్లి, రాయిని మూడు వైపుల నుంచీ చూసి, అవి జీవులు కట్టినవి కావు, రాయి నలిగి మడతపడితే వచ్చిన ఆకారాలు అంది.

మన ప్రసంగీకులు ఇక్కడ చప్పట్లు కొడతారు. చూశారా, సైంటిస్టులు పూటకో మాట మారుస్తారు, దేవుని వాక్యం మారదు అంటారు. అయ్యలారా, వాక్యం మారదు. నేనూ నమ్ముతున్నాను. కానీ మన ప్రసంగం వాక్యమా? సామెతలు 18లో సొలొమోను ఏమన్నాడు? వ్యాజ్యంలో ముందు మాట్లాడినవాడిదే న్యాయంలా కనబడుతుంది, ఎదుటివాడు వచ్చి పరిశోధించేవరకే అన్నాడు. ఆ శాస్త్రవేత్తలు చేసింది అదే. ఒకడు సాక్ష్యం చెప్పాడు, ఇంకొకడు వచ్చి పరిశోధించాడు. తమవాడైనా సరే, తమకు లాభమైనా సరే, నిలవని సాక్ష్యాన్ని నిలవదన్నారు. మన వేదికల మీద ఎవరైనా అబద్ధ సాక్ష్యం చెబితే, మనవాడే కదా, దేవుని మహిమ కోసమే కదా అని ఊరుకుంటున్నాం. సమస్తమును పరీక్షించమని పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన ఆజ్ఞను ఇప్పుడు ఎవరు పాటిస్తున్నారు? ఆక్స్‌ఫర్డు ఆచార్యుడా, పాస్టరునైన నేనా?

మీరు అడగబోయే ప్రశ్నలు

అయ్యగారూ, బైబిలు ప్రకారం భూమికి ఆరు వేల ఏళ్లే కదా అంటారు. ఆ సంఖ్య బైబిల్లో ఎక్కడుందో చూపించండి. ఆదియందు అని ఉంది, ఎప్పుడో అంకె లేదు. క్రీస్తుపూర్వం 4004 అన్నది ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో వేసిన లెక్క. వంశావళులు కూడి, రాజుల కాలాలు కూడి కట్టాడు. ఆయన గొప్ప పండితుడే. 1701 నుంచి ఇంగ్లిషు బైబిళ్ల అంచుల్లో ఆ అంకెలు ముద్రించారు. అంచులో ఉన్న అంకెను జనం వాక్యమనుకున్నారు. అంచు వేరు, వాక్యం వేరు. మోషే రాసిన 90వ కీర్తన చదవండి. పర్వతాలు పుట్టకముందు ఉన్న దేవుని దృష్టికి వెయ్యి సంవత్సరాలు నిన్నటి దినం లాంటివన్నాడు. ఆయన ముందు 370 కోట్లు ఎక్కువా?

కార్బన్ డేటింగ్ తప్పని ఒక బ్రదర్ చెప్పారు అంటారు. కార్బన్‌తో ఈ రాళ్లను ఎవరూ కొలవరు. కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగమైపోతుంది. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. బంగారం తూచే త్రాసు మీద లారీ ఎక్కించి, త్రాసు తప్పంటే ఎలా?

జలప్రళయం ఒక్క ఏడాదిలో ఈ రాళ్లన్నీ చేసి ఉండవచ్చుగా అంటారు. మట్టి పేరుకోవాలి, ఇరవై కిలోమీటర్లు దిగాలి, కాలాలి, మళ్లీ పైకి రావాలి, చల్లారాలి. ఇటుక బట్టీ ఆర్పాక చల్లారడానికే రోజులు పడుతుంది. కొండలంత బట్టీ ఒక్క ఏడాదిలో కాలి చల్లారుతుందా?

వీళ్లంతా నాస్తికులు అంటారు. డేవిస్ యంగ్ పేరు వినండి. ఆయన తండ్రి ఎడ్వర్డ్ యంగ్ అమెరికాలో వెస్ట్‌మినిస్టర్ సెమినరీలో పాత నిబంధన బోధించినవాడు, లేఖనం తప్పు లేనిదని పుస్తకం రాసినవాడు. కొడుకు అగ్నిశిలలు, రూపాంతర శిలలు చదివి కాల్విన్ కళాశాలలో బోధించాడు. యవ్వనంలో భూమి పొరలన్నీ జలప్రళయంలోనే ఏర్పడ్డాయన్న బోధను ఆయనా ఇష్టపడ్డాడు. రాళ్లు దగ్గరగా చూశాక ఆ బోధ వదిలేశాడు. ప్రభువును వదల్లేదు. భూమి వయసు గురించి విశ్వాసుల కోసమే 1982లో ఒకటి, మరొకరితో కలిసి 2008లో ఒకటి పుస్తకాలు రాశాడు. అబద్ధాన్ని విడిచిపెట్టడం విశ్వాసాన్ని విడిచిపెట్టడం కాదు.

యోబు స్నేహితులు

ప్రసంగీకులు శాస్త్రవేత్తల మీద విసరడానికి ఇష్టపడే వాక్యం ఒకటుంది. యోబు 38. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ ఉన్నావని దేవుడు అడిగిన ప్రశ్న. నేనూ ఎన్నోసార్లు విసిరాను. ఆ ప్రశ్న ఎవరిని అడిగాడో గమనించారా? నాస్తికుణ్ణి కాదు, యోబును. దేవునియందు భయభక్తులు గలవాణ్ణి. దేవుని గురించి అన్నీ తెలిసినట్లు ప్రసంగించిన స్నేహితులను 42వ అధ్యాయంలో ఇంకా గట్టిగా గద్దించాడు. నన్ను గూర్చి మీరు సరిగా పలకలేదని ఆయన కోపం వాళ్ల మీద రగులుకుంది.

అంతకుముందే 13వ అధ్యాయంలో యోబు వాళ్లను నిలదీశాడు. దేవుని పక్షాన ఉన్నామని చెప్పి అన్యాయంగా మాట్లాడతారా, ఆయన కోసం మోసం పలుకుతారా అని. నా పరిచర్యలో నన్ను ఇంతగా గుచ్చిన ప్రశ్న మరొకటి లేదు. దేవునికి వకీళ్లం అనుకొని దొంగ సాక్షులమయ్యాం.

28వ అధ్యాయం కూడా చదవండి. మనిషి చీకటిలో దిగి రాళ్లను వెదకడం, కొండలను వేళ్లతో సహా తిరగవేయడం అందులో ఉంది. ఆ పనిని లేఖనం తిట్టలేదు, మెచ్చుకున్నట్టే చెప్పింది. ఆ తరువాతే అడిగింది, జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని. రాయి ఎప్పుడు కాలిందో శాస్త్రవేత్త చెబుతాడు. ఎందుకు బతకాలో, చేసిన పాపం ఎక్కడ దింపుకోవాలో రాయి చెప్పదు, అది చెబుతానని శాస్త్రవేత్త అనలేదు కూడా. ఆ పని మనకు అప్పగించబడింది. మన పని వదిలేసి అతని పనిని అబద్ధాలతో చేయబోతున్నాం. రాయి సంగతిలో అబద్ధమాడిన నోటితో సిలువ సంగతి చెబితే, చదువుకున్న బిడ్డ ఎందుకు నమ్మాలి?

అసలు నష్టం ఇక్కడుంది. నూక్ దగ్గరి నైస్‌కు మన మాటల వల్ల గీత కూడా పడలేదు. మూర్బాత్‌కు మన ఊరి పేరే తెలియదు. దెబ్బ తిన్నది మన బిడ్డ.

మొన్న బుధవారం వాళ్ల ఇంటికి వెళ్లాను. సెలవులకు వచ్చి ఉంది. ఇప్పుడు పరిశోధన చేస్తోంది, మన తూర్పు కనుమల రాళ్ల మీదే. నన్ను చూసి లేచి నిలబడి "కూర్చోండి అయ్యగారూ" అంది. నేను ముందు క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాసేపటికి ఆ అమ్మాయి ఫోనులో ఒక ఫొటో చూపించింది. రాతిని మిల్లీమీటరులో ముప్పై మూడో వంతు పలచగా అరగదీస్తారట. అప్పుడు వెలుతురు రాతిలోంచి దూరుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే మన తుప్పురంగు కొండరాయి లోపల నీలం, పసుపు, గులాబీ రంగులు. నల్లటి గార్నెట్ చుట్టూ ఆ రంగులు వంగి తిరిగి ఉన్నాయి. "ఇది మన కొండేనా అమ్మా?" అన్నాను. "మన కొండేనండి. గొర్రెలు కాసే చోట తీసిన ముక్క" అంది.

నలభై ఏళ్లు దాటిన జీవితంలో ఆ కొండను రోజూ చూశాను. దేవుడు దానిలో ఏమి దాచాడో ఆ రోజే చూశాను. సంగతి మరుగుచేయడం దేవునికి ఘనత, దాన్ని శోధించడం రాజులకు ఘనత అని సామెతలు 25 చెబుతుంది. ఆ రాజుల ఘనత మన కూలివాళ్ల బిడ్డకు దొరికితే, ఆమెను నలుగురిలో నవ్వులపాలు చేసి కూర్చోబెట్టినవాణ్ణి నేను.

కాబట్టి సంఘానికి మూడు మాటలు. ఒకటి, ఆ సందేశం పంపినవారు దాన్ని తీసేసి, ఎవరెవరికి పంపారో వాళ్లకు అది అబద్ధమని చెప్పండి. పంపినంత దూరం వెళ్లి చెప్పండి. రెండు, ఇకమీదట మన మందిరంలో ప్రసంగపు బల్ల దగ్గర ఎవరు నిలబడినా, నేనైనా, బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రసంగీకుడైనా, సైన్సు ఒప్పుకుందని కథ చెబితే, ఎక్కడిది అయ్యగారూ అని అడిగే హక్కు పదో తరగతి పిల్లకైనా ఉంది. మూడు, వచ్చే నెల యవనస్థుల కూటంలో ఆ అమ్మాయిని మన కొండ గురించి మాట్లాడమని అడిగాను. వస్తానని ఇంకా చెప్పలేదు. వస్తే ఆమె నిలబడుతుంది, నేను కూర్చుంటాను. రాకపోతే ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఆ తప్పు నాది.

ప్రార్థిద్దాం. పర్వతములు పుట్టకమునుపే ఉన్న మా దేవా, నీ పేరు చెప్పి మేము ఆడిన అబద్ధములను క్షమించుము. నీ సత్యమునకు మా కల్పనలు ఊతముగా అవసరమనుకున్న మా అల్పవిశ్వాసమును క్షమించుము. రాళ్లను శోధించు బిడ్డల కన్నులను కాపాడుము, వారి యెదుట మా నోటిని కాపాడుము. మేము గాయపరచిన వారిని నీవే ఆదరించుము. సత్యమై యున్న యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమెన్.